గోల్కొండ పేరు చెప్పి పాట పెంచేవారికి, ఆ పాట వింటూ ఊరుకునేవారికి ఒక బహిరంగ లేఖ

మేలిరకం నగలు, అరుదైన రత్నాలు వేలం వేసే అంతర్జాతీయ సంస్థల నిర్వాహకులకు,
కేంద్రంలోనూ తెలుగు రాష్ట్రాల్లోనూ సంస్కృతి, పురావస్తు, గనుల శాఖలు చూస్తున్న పెద్దలకు,

నమస్కారం.

నేను పల్నాడులో హైస్కూలు పిల్లలకు సాంఘికం చెప్పి రిటైరైనవాణ్ణి. ఏటా మే నెలలో ఒకసారి, నవంబరులో ఒకసారి జెనీవాలో పెద్ద నగల వేలాలు జరుగుతాయి. మళ్లీ ఆ రోజులు దగ్గరపడుతున్నాయి. నున్నటి కాగితం మీద కేటలాగులు వస్తాయి. వాటిలో ఏదో ఒక పేజీలో, నల్లటి నేపథ్యం మీద మెరిసే తెల్లరాయి పక్కన ‘గోల్కొండ’ అనే మాట ఉంటుంది. ఆ మాట ఉంటే ధర వేరే, లేకపోతే వేరే. ఆ మాట గురించే గడిచిన రెండేళ్లలో రెండు వేలం సంస్థలకు, మన దేశంలోని ఒక కార్యాలయానికి ఉత్తరాలు రాశాను. ఒకచోటి నుంచి ‘మీ ఉత్తరం అందినది’ అని ఒక్క వాక్యం వచ్చింది. మిగతా రెండుచోట్ల నుంచి అదీ రాలేదు. అందుకే అందరూ చదివేలా ఇలా రాస్తున్నాను.

మొదట ఆ మాట ఎక్కడిదో చెప్పాలి. గోల్కొండ కోటలో వజ్రాలు పుట్టలేదు. అది రాజధాని, రాళ్లు బేరమాడిన అంగడి. వజ్రాలు తవ్వింది కృష్ణ ఒడ్డున కొల్లూరులో, పరిటాలలో, ఇటు రాయలసీమ నేలల్లో. పద్దెనిమిదో శతాబ్దంలో బ్రెజిల్‌లో గనులు బయటపడేదాకా లోకం చూసిన గొప్ప వజ్రాలన్నీ దాదాపుగా ఈ నేలవే. పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే కొల్లూరు వచ్చి చూశాడు. అక్కడ 60,000 మంది పనిచేస్తున్నారని, మగవాళ్లు తవ్వుతుంటే ఆడవాళ్లు, పిల్లలు మట్టి మోస్తున్నారని రాసిపెట్టాడు. ఆ కొల్లూరు మా బెల్లంకొండ మండలంలోది. ఇవాళ వెళ్లి చూద్దామంటే కుదరదు. 45.77 టీఎంసీల పులిచింతల జలాశయంలో ఊరు మునిగిపోయింది. ప్రాజెక్టు రైతులకు అవసరమే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ ప్రపంచంలోని మ్యూజియాలన్నిటికీ తెలిసిన ఆ ఊరు ఫలానా చోట ఉండేదని మా పిల్లలకు వేలు పెట్టి చూపించడానికి నాకు నీళ్లు తప్ప ఏమీ మిగల్లేదు.

ఇప్పుడు ధరల సంగతి. 2012లో జెనీవాలో 76.02 క్యారెట్ల ఆర్చ్‌డ్యూక్ జోసెఫ్ వజ్రం సుమారు 2.15 కోట్ల డాలర్లు పలికింది. 2013లో న్యూయార్క్‌లో 34.65 క్యారెట్ల గులాబీరంగు ‘ప్రిన్సీ’ సుమారు 3.93 కోట్ల డాలర్లు పలికింది. నిజాం దగ్గర ఉండిన ఆ రాయి 1960లో లండన్ వేలంలో పోయింది 46,000 పౌండ్లకు. 2019లో న్యూయార్క్‌లో మహారాజుల నగల వేలం మొత్తం పది కోట్ల డాలర్లు దాటింది. అందులో 52.58 క్యారెట్ల ‘మిర్రర్ ఆఫ్ పారడైజ్’ ఒక్కటే 65 లక్షల డాలర్లు. అన్నిటికీ ముందు పలికిన పేరు గోల్కొండే.

ఎవరో కొనుక్కున్నారని నాకు అసూయ లేదు. నా బాధలు వేరే ఉన్నాయి. వరసగా చెబుతాను.

1. పేరుకు రుజువు చూపడం లేదు. నత్రజని దాదాపుగా లేని వజ్రాలను టైప్ 2ఏ అంటారు. రత్న నాణ్యత ఉన్న వజ్రాల్లో అవి నూటికి రెండు కూడా ఉండవు. గోల్కొండ రాళ్లలో పేరుపడ్డవి చాలావరకు ఆ జాతివే, అందుకే అవి నీళ్లలా కనిపిస్తాయి. కానీ టైప్ 2ఏ అయినంత మాత్రాన గోల్కొండది అయిపోదు. దక్షిణాఫ్రికాలో దొరికిన కల్లినన్ కూడా టైప్ 2ఏ వజ్రమే. పుట్టిన గని ఏదో సానపట్టిన వజ్రాన్ని ప్రయోగశాలలో పరీక్షించి ఖాయంగా చెప్పే పద్ధతి లేదు. ఇక మిగిలేవి పాత కాగితాలే: ఎవరు ఎవరికి అమ్మారు, ఏ నగలో ఎప్పుడు పొదిగారు అన్న వివరాలు. ఆ కాగితాలున్న రాయికీ, చూడటానికి అలా ఉంది కాబట్టి ఆ పేరు తగిలించిన రాయికీ కేటలాగులో చదివేవాడికి తేడా తెలియదు. ఊరి పేరు పెట్టి సరుకు అమ్మేవాడు ఆ ఊరిదేనని చూపించాలి కదా. మామిడిపండ్ల బుట్టకు వర్తించే న్యాయం వజ్రానికి ఎందుకు వర్తించదు?

2. కథ మహారాజు దగ్గర మొదలవుతుంది. అంతకు ముందు ఉన్న మనిషి కేటలాగులో ఉండడు. టావెర్నియే తాను చూసిన మరో గని గురించి రాస్తూ పనివాడికి ఏడాదికి మూడు పగోడాలు (అప్పటి బంగారు నాణేలు) ముట్టేవని చెప్పాడు. ఏడాది కూలి అది. మంచి పెద్ద రాయి తెచ్చి యజమానికి అప్పగిస్తే తలపాగా గుడ్డ ఒకటి, అర పగోడానో ఒక పగోడానో, కొంచెం బియ్యం, పళ్లెంలో చక్కెర ఇచ్చేవారట. యాభై మంది పనివాళ్ల మీద పన్నెండు నుంచి పదిహేను మంది కాపలా. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియానికి చెందిన రీజెంట్ వజ్రాన్ని మద్రాసు గవర్నరు థామస్ పిట్ 1702 ప్రాంతంలో 48,000 పగోడాలకు కొన్నాడు. గనులు వేరు, మధ్యలో అర్ధ శతాబ్దం పైగా తేడా ఉంది, అయినా లెక్క వేసి చూడండి: ఒక్క రాయి ఖరీదు పదహారు వేల ఏళ్ల కూలి. నేనీ లెక్క తరగతిలో నల్లబల్ల మీద వేసేవాణ్ణి. భాగాహారం అయిపోయాక కాసేపు ఎవరూ మాట్లాడేవారు కాదు. మట్టి మోసిన ఆడవాళ్ల, పిల్లల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు, ఇక దొరకవు. కనీసం వాళ్లు ఉండేవారన్న ఒక వాక్యమైనా అచ్చు వేయవచ్చు.

3. రాళ్లు కళ్ల ముందు నుంచి మాయమవుతున్నాయి. 2025 మే 14న జెనీవాలో క్రిస్టీస్ సంస్థ 23.24 క్యారెట్ల ‘గోల్కొండ బ్లూ’ను వేలం వేస్తామని ప్రకటించింది. ఇండోర్, బరోడా సంస్థానాల చేతుల్లో తిరిగిన నీలి వజ్రం అది. ఇక్కడ పత్రికలన్నీ రాశాయి, మాలాంటివాళ్లు ఆ రోజు కోసం ఎదురుచూశారు. తీరా వేలానికి ముందే దాన్ని విడిగా అమ్మేశారు. చట్టప్రకారం తప్పు కాకపోవచ్చు. కానీ వేలం పాట అంటే నలుగురి ముందు పాడేది, అందుకే దానికి ఆ పేరు. నలుగురి ముందుకు తెస్తామని చెప్పి, ఆ ప్రచారంతో విలువ పెంచి, చివరికి గదిలో తలుపు వేసుకుని అమ్మితే, ఆ రాయి ఎవరి దగ్గరికి పోయిందో, మళ్లీ ఎప్పుడు కనిపిస్తుందో జనానికి తెలిసే దారి లేదు.

కొనుక్కున్నవాడు దాన్ని ఏం చేసినా అడిగే దిక్కూ లేదు. 2008లో లండన్ వేలంలో అమ్ముడైన విటెల్స్‌బాక్ నీలి వజ్రం 35.56 క్యారెట్లు ఉండేది, మా కొల్లూరుదేనని చెబుతారు. కొన్న వర్తకుడు మళ్లీ సానపట్టించి 31.06 క్యారెట్లకు తెచ్చాడు. రంగు, స్వచ్ఛత పెరిగాయన్నారు. మూడువందల ఏళ్ల నాటి సాన నాలుగున్నర క్యారెట్ల పొడిగా రాలిపోయింది. కోహినూర్‌ను 1852లో 186 క్యారెట్ల నుంచి 105.6కు తెగ్గోసినప్పుడు కాలం అలాంటిది అనుకున్నాం. ఈ కాలంలోనూ అదే జరిగితే ఏమనుకోవాలి?

4. చట్టం చెయ్యి పొట్టిది, అది నాకు తెలుసు. పురావస్తువుల ఎగుమతిని ఆపే చట్టం మనకు 1947లో వచ్చింది, దాని స్థానంలో 1972 చట్టం వచ్చింది. అంతకు ముందే దాటిపోయినవాటికి అవి అందవు. 1970 నాటి యునెస్కో ఒడంబడిక కూడా వెనక్కి వర్తించదు. సంఘర్షణ ప్రాంతాల వజ్రాలను అడ్డుకోవడానికి 2003లో మొదలైన కింబర్లీ పద్ధతి ముడి వజ్రాలకే, సానపట్టిన పాత రాయి జోలికి అది పోదు. అందుచేత ‘చట్టప్రకారం మాకు అభ్యంతరం లేదు’ అని మీరు తేలిగ్గా అనగలరు.

కానీ చట్టం చేయలేనిది జనం అడిగితే జరిగిన సందర్భాలు కళ్ల ముందే ఉన్నాయి. 2023లో ఆస్ట్రియా సంపన్నురాలు హైడీ హోర్టెన్ నగలు జెనీవాలో 20 కోట్ల డాలర్లకు పైగా పలికాయి. నాజీల కాలంలో యూదుల నుంచి చేజిక్కించుకున్న వ్యాపారాలతో ఆమె భర్త సంపాదించిన ఆస్తి అది. విమర్శలు ఆగకపోయేసరికి రెండో విడత వేలాన్ని క్రిస్టీస్ మానుకుంది. 2025లో పిప్రహ్వా రత్నాల విషయం మనదే. 1898లో ఉత్తరప్రదేశ్‌లోని పిప్రహ్వాలో బుద్ధుడి అస్థికలతో పాటు స్తూపంలో దొరికిన రత్నాలవి. తవ్వించిన ఇంగ్లీషు దొర వంశంవాళ్లకు మిగిలిన వాటాను మే 7న హాంకాంగ్‌లో సోథెబీస్ వేలం వేయబోతే, కేంద్ర సంస్కృతి మంత్రిత్వ శాఖ నోటీసు ఇచ్చింది. వేలం ఆగింది. జులై చివరికి అవి మన దేశానికి చేరాయి. ఒక్క నోటీసుతో, ఒక పారిశ్రామిక సంస్థ సాయంతో, మూడు నెలల్లోపే. ఆ పని చేసినవారికి చేతులెత్తి మొక్కుతున్నాను. అదే శ్రద్ధ గోల్కొండ పేరు కనిపించిన ప్రతిసారీ ఎందుకు ఉండదని అడుగుతున్నాను.

5. ఇది అన్నిటికంటే ముఖ్యం, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను. గోల్కొండ కథ అయిపోయిందని జెనీవాలో అనుకుంటారు. అయిపోలేదు. కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర ప్రాంతాల్లో తొలకరి పడగానే వజ్రాల వేట మొదలవుతుంది. అనంతపురం నుంచి, ప్రకాశం నుంచి, బళ్లారి వైపు నుంచి కూడా కుటుంబాలకు కుటుంబాలు వస్తాయి. చెట్ల కింద, గుళ్ల దగ్గర పడుకుంటారు. పొద్దున్నే సద్దిమూట కట్టుకుని చేలల్లో దిగుతారు. వాన కడిగిన ఎర్రమట్టి మీద రాళ్లు పైకి తేలతాయి కాబట్టి, సూర్యుడికి ఎదురుగా వంగి, ఒక్కొక్క అడుగే వేస్తూ వెతుకుతారు.

మా తోడల్లుడి ఊరు ఆ పక్కనే. నిరుడు అక్కడికి వెళ్లినప్పుడు నేను చూసింది ఇది. కూలికి పోయే ఒక నడివయసు ఆవిడకు శనగగింజ కంటే కొంచెం పెద్ద రాయి దొరికింది. కొంగుముడిలో దాచుకుని వచ్చింది. గంటలోపే మోటారుసైకిల్ మీద ఇద్దరు వచ్చారు. రాయిని కాగితంలో పెట్టి, పక్కకు తిరిగి చిన్న తరాజులో తూచారు. అంకె ఆవిడకు కనిపించలేదు, నాకూ కనిపించలేదు. ఏదో ఫోన్ చేశారు. నోట్ల కట్ట బండి సీటు మీద పెట్టి లెక్కపెట్టారు, వెళ్లిపోయారు. మొత్తం పది నిమిషాలు. ‘ఎంత తూగిందమ్మా?’ అని అడిగాను. ‘మాకేం తెలుస్తాది సామీ, ఇచ్చింది తీసుకుంటిమి’ అంది. చీటీ లేదు, తూకం లేదు, కొన్నవాడి పేరు లేదు. ఎక్కువ అడిగితే పోలీసులకు చెబుతామంటారని పక్కనున్నవాళ్లు చెప్పారు. ఆ భయం నిజమైనదో కాదో కూడా వాళ్లకు తెలియదు. దొరికిన రాయి మీద హక్కు ఎవరిది, ఎక్కడ అప్పగించాలి, అప్పగిస్తే ఎంత వస్తుంది అని రాసిన బోర్డు ఆ చుట్టుపక్కల నాకు ఒక్కటీ కనిపించలేదు.

మధ్యప్రదేశ్‌లోని పన్నాలో ఇలా ఉండదు. అక్కడ ఎనిమిది మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పు ఉన్న చిన్న మడిని మామూలు కూలీ కూడా ఏడాదికి కొద్ది వందల రూపాయల రుసుముతో తీసుకుని తవ్వుకోవచ్చు. దొరికిన వజ్రాన్ని జిల్లా వజ్రాల కార్యాలయంలో ఇస్తారు. అధికారి తూచి నమోదు చేస్తాడు. ప్రభుత్వమే బహిరంగ వేలం వేసి, రాయల్టీ, పన్నులు పోను మిగిలింది దొరికినవాడికి ఇస్తుంది. కూలీలు లక్షాధికారులైన వార్తలు అక్కడి నుంచి వస్తూనే ఉంటాయి. కొద్ది వందల రూపాయలతో మధ్యప్రదేశ్ చేయగలిగిన పని, ప్రపంచానికి వజ్రమంటే ఏమిటో నేర్పిన నేల మీద ఎందుకు జరగదు?

పైగా ఆ చేలకూ కష్టమే. వేట పేరుతో వందలమంది తొక్కితే విత్తు దెబ్బతింటుంది. రైతులు కంచెలు వేసుకుంటున్నారు, తగాదాలవుతున్నాయి. పనులు మానుకుని నెలరోజులు తిరిగి, ఏమీ దొరక్క అప్పుతో ఇంటికి పోయేవాళ్లే ఎక్కువ. వాళ్ల గురించి ఏ పత్రికా రాయదు.

6. ఉన్నవాటినీ మేం చూడలేకపోతున్నాం. 173 నిజాం నగలను ప్రజల సొమ్ముతో, సుమారు 218 కోట్ల రూపాయలకు 1995లో కేంద్రం కొన్నది. అవి బయటికి అమ్ముడుపోకుండా కాపాడిన పని అది, గొప్ప పని. 2001లోనూ 2006లోనూ హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో చూపించారు. 2006లో నేను పిల్లలను తీసుకుని వెళ్లాను. క్యూలో చాలాసేపు నిలబడ్డాం, లోపల నిమిషాలే దొరికాయి. ఆ తర్వాత పుట్టిన పిల్లలు ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నారు, వాళ్లు హైదరాబాద్‌లో వాటిని చూసింది లేదు. బ్యాంకు ఖజానాలో భద్రంగా ఉంటే చాలని మీరనుకోవచ్చు. కొన్నది మా కోసమే కదా, మేం చూడాలి.

ఇక అడుగుతున్నవి. వేలం సంస్థలను ముందుగా అడుగుతాను.

1. ‘గోల్కొండ’ అని రాసిన ప్రతి రాయి పక్కనా అది ఆధారం ఉన్న పేరా, పోలికను బట్టి పెట్టిన పేరా అన్నది అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో చెప్పండి. ఆధారాలుంటే అవేమిటో చెప్పండి.

2. చేతులు మారిన చరిత్రలో ఖాళీలుంటే ఖాళీలని రాయండి. ‘ఒక రాజవంశం నుంచి’ అంటే సరిపోదు. ఏ ఏడాది, ఏ పరిస్థితిలో బయటికి వచ్చిందో తెలిసినంతవరకు రాయండి. భారత ప్రభుత్వానికి వేలానికి మూడు నెలల ముందే జాబితా పంపండి.

3. బహిరంగ వేలమని ప్రకటించిన చారిత్రక రాయిని చాటున అమ్మకండి. అమ్మాల్సివస్తే కారణం ప్రకటించండి. చరిత్ర ఉన్న రాయిని మళ్లీ కోయబోనని కొనేవాడి దగ్గర రాతపూర్వకంగా మాట తీసుకోండి.

4. ఆ పేరు మీద మీకు వచ్చే రుసుములో కొంత వాటాను కొల్లూరు, పరిటాల, కర్నూలు ప్రాంతాల గని చరిత్ర రాయించడానికి కేటాయించండి. ఎంత అన్నది మీరే చెప్పండి, చెప్పినది బయటపెట్టండి.

ప్రభుత్వ పెద్దలను అడిగేవి:

5. వచ్చే వానాకాలంలోపు కర్నూలు జిల్లాలో పన్నా తరహా వజ్రాల కార్యాలయం తెరవండి. అది ఆలస్యమయ్యేట్టయితే ముందుగా జొన్నగిరిలో, తుగ్గలిలో సర్కారు తరాజు ఒకటి, రాయి విలువ చెప్పగల మనిషి ఒకరు, రసీదు పుస్తకం ఒకటి పెట్టండి. ఇవి మాత్రం రేపే పెట్టవచ్చు.

6. దొరికిన రాయి విషయంలో చట్టం ఏం చెబుతుందో తెలుగులో, కన్నడంలో బోర్డులు రాయించండి. చేను తొక్కుడుపోయిన రైతుకు పరిహారం ఎవరివ్వాలో కూడా అందులో ఉండాలి.

7. విదేశాల్లో జరగబోయే నగల వేలాల కేటలాగులను చదివి, మన రాళ్లను గుర్తించి, అవసరమైతే నోటీసు ఇచ్చే చిన్న బృందాన్ని శాశ్వతంగా ఏర్పాటు చేయండి. పిప్రహ్వా విషయంలో నోటీసు వేలానికి రెండు రోజుల ముందు వెళ్లింది. ఆ రెండు రోజులు కలిసొచ్చాయి, ప్రతిసారీ కలిసిరావు.

8. నిజాం నగలను హైదరాబాద్‌లో శాశ్వత ప్రదర్శనకు తెండి. పులిచింతల గట్టున కొల్లూరు పేరుతో ఒక చిన్న మ్యూజియం కట్టండి. అసలు రాళ్లు అక్కరలేదు, గాజు నమూనాలు చాలు. కోహినూర్, హోప్, రీజెంట్ వజ్రాలు ఏ నేల నుంచి పోయాయో చూపే పటం, ఊరు ఖాళీ చేసి వెళ్లిన కుటుంబాల పేర్లు అందులో ఉండాలి. ఆ పేర్లు మాత్రం ఇంకా దొరుకుతాయి, పెద్దవాళ్లు బతికే ఉన్నారు.

ఈ లేఖ ప్రతులను పోస్టులో కూడా పంపుతున్నాను. తెలుగులో రాసినా, ఇంగ్లీషులో రాసినా, ‘కుదరదు’ అని రాసినా సరే, వచ్చిన ప్రతి జవాబునూ ఉన్నదున్నట్టు ఇదే చోట అచ్చు వేస్తాను. జవాబు రానివారి పేర్లు రాయను, వారికి మళ్లీ ఉత్తరం రాస్తాను.

ఇట్లు,
పల్నాడు జిల్లా నుంచి ఒక విశ్రాంత సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు